నలభై తొమ్మిది గళ్ళు

దువ్వెన ఎప్పుడూ పైన ఉండాలి. సంచి ఎవరిదైనా సరే, ఎంత దూరం వెళ్ళేదైనా సరే, నేను సర్దితే అన్నిటి మీదా దువ్వెన ఉంటుంది.

ఆ గురువారం సాయంత్రం నేను సర్దుతున్నది లెక్కల టీచర్ సంచి. అడుగున మూడు జతల బట్టలు, వాటి మీద తువ్వాలు, పక్కన కాగితంలో చుట్టిన చెప్పులు, సబ్బుపెట్టె, నాలుగు ఎర్ర పెన్నులు.

"ఎర్ర పెన్నులెందుకు ఆయమ్మా? వెళ్ళేచోట దొరకవా ఏంటి?" అంది ఆమె, మంచం మీద కూర్చుని పిల్లల కాగితాలు దిద్దుతూ.

"దొరుకుతాయి. చేతికి అలవాటైనవి దొరకవు."

"నీ చాదస్తం నువ్వూ. ఆ సంచి మొయ్యాల్సింది నేను, నువ్వు కాదు."

నాకు నవ్వు రాలేదు. బట్టలకీ తువ్వాలుకీ మధ్య ఒక పలక పట్టేంత చోటు వదిలి, అరచేత్తో నొక్కి చూసుకున్నాను. ఆ చోటు ఫైలుకి. ఫైలు ఇంకా మా చేతికి రాలేదు.

ఫైలు సంగతి చెప్పాలంటే మా బడి సంగతి చెప్పాలి. అదొకప్పుడు బట్టల గోదాము. కిటికీలన్నీ తలకి అందని ఎత్తులో ఉంటాయి, ఇనప చువ్వలతో. వాటిలోంచి ఆకాశం తప్ప ఇంకేమీ కనపడదు. వీధి వైపు ఒకటే గేటు. గేటు దగ్గర వాచ్‌మన్, అతని ముందు ఒక పుస్తకం. ఎవరు ఎన్నింటికి బయటికెళ్ళారు, ఎన్నింటికి తిరిగొచ్చారు అని అందులో రాస్తాడు. బడి యజమానిని అందరూ కరస్పాండెంటు గారు అంటారు. ఆయన్ని చెడ్డమనిషి అనడానికి ఎవరికీ నోరు రాదు. కేకలెయ్యడు, తిట్టడు. కొత్త టీచర్ చేరిన రోజున స్వయంగా కుర్చీ జరిపి కూర్చోబెట్టి, టీ తెప్పించి, వాళ్ళ చదువుల అసలు సర్టిఫికెట్లు అడిగి తీసుకుంటాడు. "నా దగ్గర భద్రంగా ఉంటాయమ్మా" అంటాడు. ఉంటాయి. ఆఫీసుగదిలోని ఇనప బీరువాలో, మనిషికో ఫైలు చొప్పున, మూడేళ్ళు నిండేదాకా భద్రంగా ఉంటాయి. ఈలోగా ఎక్కడ మంచి ఉద్యోగం వచ్చినా అసలు కాగితాలు లేనిదే చేర్చుకోరు కాబట్టి, మనుషులు కూడా భద్రంగానే ఉంటారు.

లెక్కల టీచర్ చేరి ఏడాదిన్నర అయింది. ఇక్కడ తనకంటూ ఎవరూ లేరని బడి వెనక నా గదిలోనే ఉండేది. ఎవరికీ చెప్పకుండా ప్రభుత్వ ఉద్యోగానికి పరీక్ష రాసి నెగ్గింది. సోమవారం ఉదయం పదింటికల్లా ఇంకో ఊళ్ళో, పెద్ద ఆఫీసులో, అసలు సర్టిఫికెట్లతో కనపడాలి. కనపడకపోతే ఆ ఉద్యోగం జాబితాలో తర్వాతి పేరుకి పోతుంది. కరస్పాండెంటు గారిని మూడుసార్లు అడిగింది. మొదటిసారి నవ్వాడు. రెండోసారి టీ ఇప్పించాడు. మూడోసారి, "నీ కాగితాలెక్కడికి పోతాయమ్మా, నా దగ్గరే ఉన్నాయిగా" అన్నాడు.

ఆ బీరువా దుమ్ము దులిపేది నేనే. నెలకోసారి, మొదటి శనివారం. ఇంతమంది పనివాళ్ళుండగా నేనే ఎందుకంటే, నాకు చదువు రాదు కాబట్టి. పరీక్ష పేపర్లు కూడా ఆ బీరువాలోనే ఉంటాయి. పందొమ్మిదేళ్ళ కిందట పనిలో చేరేటప్పుడు ఆయన నన్ను అడిగింది ఒకటే ప్రశ్న: "చదువొచ్చా?" రాదన్నాను. "మంచిది" అన్నాడు. అప్పుడు నిజంగానే రాదు.

తర్వాత వచ్చింది. సాయంత్రం గంట కొట్టాక పది గదుల బోర్డులూ తుడవడం నా పని. తుడిచే ముందు చూసేదాన్ని. ఒకటో తరగతి గదిలో అక్షరాలు, రెండో తరగతి గదిలో మాటలు, మూడో తరగతి గదిలో వాక్యాలు. పిల్లలు ఏడాదికో గది దాటితే నాకు రెండేళ్ళు పట్టింది. అయినా దాటాను. పై గదుల్లోకొచ్చేసరికి పద్యాలు చదువుకునేదాన్ని. చదివినదాన్ని నా చేత్తోనే తుడిచేసేదాన్ని. ముందు సిగ్గుపడి ఎవరికీ చెప్పలేదు, తర్వాత భయపడి చెప్పలేదు. లెక్కల టీచర్ ఒక్కతే కనిపెట్టింది. మంచం మీద పరిచిన పరీక్ష కాగితాల్లో ఎవడో 'త్రిభుజానికి మూడు కోణాలు, నాకు మూడు మార్కులు చాలు' అని రాశాడు. అటుగా పోతూ కిసుక్కున నవ్వాను. ఆమె తలెత్తి చూసింది. ఇంక దాచడానికేముంది?

మా పన్నాగం ఇదీ. శనివారం ఆయన బీరువా తెరిచి, కుర్చీలో కూర్చుని పేపరు చదువుకుంటాడు. నేను ఫైళ్ళు ఒక్కొక్కటే తీసి దులిపి పెడతాను. నా పక్కన పాత గుడ్డల బుట్ట ఉంటుంది. ఒక ఫైలు మీద పేరు చదివి, దాన్ని మాత్రం గుడ్డల కిందికి తోస్తాను. మధ్యాహ్నం ఒంటిగంట బస్సుకి ఆమె వెళ్ళిపోతుంది.

"ఇది దొంగతనం కాదా తల్లీ?" అని వందసార్లు అడిగి ఉంటాను.

"ఎవరి కాగితాలు ఎవరికి పోతున్నాయి, ఆయమ్మా?" అని వందసార్లూ అదే జవాబు.

దువ్వెన తీసి పైన పెట్టాను. ఆమె చూసి, "ఇదేం లెక్క?" అంది.

చెప్పాను. పాతికేళ్ళ కిందట నా కూతురికి సంచి సర్దినప్పుడు తొందరలో దువ్వెన అడుగున పడేశాను. బట్టల ఫ్యాక్టరీలో పనికని వెళ్ళింది, ఒక మంగళవారం, పొద్దున్న ఆరుంబావుకి. ఇంకా చూస్తూనే ఉన్నాను. దానికి ముందు మా ఆయన, ఆదివారం, మధ్యాహ్నం రెండింటికి. నాకు లెక్కలు రావు గానీ వెళ్ళినవాళ్ళ వేళలు మాత్రం తడుముకోకుండా చెప్తాను. దువ్వెన పైన ఉంటే రోజూ పొద్దున్నే సంచి తెరుస్తారు. తెరిచినప్పుడల్లా సర్దినవాళ్ళు గుర్తుకొస్తారు. ఇది ఎవరూ నాకు చెప్పలేదు, నేనే పెట్టుకున్నాను.

ఆమె ఎర్ర పెన్ను మూత తీసి, పెట్టి, మళ్ళీ తీసింది.

అప్పుడే గుమ్మంలో నీడ పడింది. ఏడో తరగతి పిల్ల. దాని మాట పక్కనున్నవాళ్ళకి కూడా వినపడదు కాబట్టి పిల్లలు దానికి గుసగుస అని పేరు పెట్టారు. వాళ్ళమ్మ పని ముగించుకుని తీసుకెళ్ళడానికి వచ్చేదాకా బడిలోనే ఉంటుంది. సంచిని కాలితో మంచం కిందికి నెట్టి బయటికొచ్చాను.

"ఆయమ్మా, ఒకటి అడగనా?"

"అడుగు. కాస్త నోరు తెరిచి అడుగు."

"ఎవరైనా ఊరెళ్ళిపోతుంటే నువ్వేం చెప్తావు?"

దీనికెలా తెలిసింది అనుకున్నాను. తెలియలేదు. రేపు క్లాసులో ఏదో పాఠమట. పద్యాల మాస్టారు ఒక్కొక్కరికి ఒక్కో చీటీ ఇచ్చాడట. దీని చీటీలో 'అమ్మమ్మ, అక్కకి' అని ఉంది. ఇల్లు వదిలి వెళ్ళిపోతున్న మనవరాలికి అమ్మమ్మ ఏం చెప్తుందో రాయాలి.

"నేనేం చెప్పను" అన్నాను. "మాట రాదు. సంచి సర్దుతాను. దువ్వెన పైన పెడతాను."

"అంతేనా?"

"అంతే. అది చాలు."

అది తలూపి వెళ్ళిపోయింది.

శుక్రవారం పొద్దున బడి కడిగిన ముత్యంలా ఉంది. కడిగింది నేనే. బడికి గుర్తింపు పొడిగించే అధికారులు ముగ్గురు వస్తున్నారు, ఇద్దరు మగవాళ్ళు, ఒక ఆవిడ. రెండు సబ్జెక్టులు కలిపి ఒకే పాఠం చెప్తే ఇప్పుడు గొప్పగా చూస్తున్నారని ఎవరో కరస్పాండెంటు గారి చెవిన వేశారు. దాంతో లెక్కల టీచర్‌నీ పద్యాల మాస్టారునీ కలిపి ఒక పాఠానికి కట్టేశాడు. మాస్టారు ముసలాయన. కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని, జోడెక్కడ పెట్టానని వెతుక్కునే మనిషి. వారం రోజులుగా ఇద్దరూ వరండాలో పోట్లాడుకుంటూ ఆ పాఠం తయారు చేశారు.

"మీ లెక్కల్లో గుండె ఉండదమ్మా" అనేవాడు ఆయన.

"మీ పద్యాల్లో జవాబుండదు మాస్టారూ" అనేది ఈమె.

"జవాబుంటే మళ్ళీ ఎవడు చదువుతాడు?"

అధికారులు ఏడో తరగతి గదిలో వెనక బెంచీల పక్కన కుర్చీల్లో కూర్చున్నారు. కరస్పాండెంటు గారు వాళ్ళ పక్కన నిలబడ్డాడు. మంచినీళ్ళ పళ్ళెంతో నేను ఆఖరి బెంచీ వెనక ఉన్నాను.

మాస్టారు మొదలుపెట్టాడు. "ఒక ఇల్లు. ఇంట్లో ఏడుగురు. అమ్మమ్మ, అమ్మ, నాన్న, పిన్ని, బాబాయి, అక్క, తమ్ముడు. ఇల్లు ఖాళీ చెయ్యాలి. ఒక్కొక్కరు ఒక్కో ఊరికి పోతున్నారు. సామాన్లు కట్టేశారు. గోడల మీద మేకులు మాత్రం మిగిలాయి. ఏడుగురూ గుమ్మంలో నిలబడ్డారు."

లెక్కల టీచర్ సుద్దముక్క అందుకుంది. "ప్రతివాళ్ళూ ప్రతివాళ్ళకీ ఒక్కో మాట చెప్పాలి. మొత్తం ఎన్ని మాటలు?"

"ఏడు టీచర్!"

"పద్నాలుగు!"

"ఒక్కటీ ఉండదు టీచర్. అందరూ ఏడుస్తుంటారు, ఎవరు మాట్లాడతారు?"

అధికారులు కూడా నవ్వారు. ఆమె బోర్డు మీద పెద్ద పట్టిక గీసింది. చెప్పేవాళ్ళ పేర్లు ఎడమ పక్క పైనుంచి కిందికి, వినేవాళ్ళ పేర్లు పైన అడ్డంగా. ఏడు వరసలు, వరసకి ఏడు గళ్ళు.

"నలభై తొమ్మిది!" అని అరిచారు.

"ఖాయమేనా? అమ్మమ్మ అమ్మమ్మకి వీడ్కోలు చెప్తుందా?"

"చెప్తే పిచ్చనుకుంటారు టీచర్!"

"మనసులో చెప్పుకోవచ్చు కదా టీచర్" అంది ముందు బెంచీలోంచి ఒక గొంతు.

మాస్టారు జోడు నుదుటి మీంచి కళ్ళ మీదికి దించుకుని ఆ పిల్లవైపు మురిపెంగా చూశాడు. "చెప్పుకోవచ్చు" అంది లెక్కల టీచర్. "కానీ అవి పైకి చదివేవి కావు." మూల నుంచి మూలకి ఉన్న ఏడు గళ్ళలోనూ ఏటవాలు గీతలు గీసి మూసేసింది. "ఇప్పుడెన్ని మిగిలాయి?"

"నలభై రెండు."

"మన క్లాసులో ఎంతమంది?"

పిల్లలు ఒకరినొకరు లెక్కపెట్టుకున్నారు, సరిగ్గా నలభై రెండు. తర్వాత గది అంతా ఒక్కసారిగా "ఓ..." అంది. నిన్న ఇచ్చిన చీటీలు అందుకే అని అప్పుడు తెలిసింది వాళ్ళకి. ఒక్కొక్కరి దగ్గర ఒక్కో గడి ఉంది. ఎవరిది తగ్గినా ఇల్లు ఖాళీ అవదు.

ఒక్కొక్కరే లేచి చదివారు. చదివిన గడిలో టీచర్ టిక్కు పెట్టింది. నాన్న తమ్ముడికి: "సైకిలు నువ్వే తీసుకో. బ్రేకు సరిగ్గా పడదు, జాగ్రత్త." తమ్ముడు నాన్నకి: "బ్రేకు పాడుచేసింది నేనే." పిన్ని అమ్మకి: "నీ గొడుగు ఇదిగో. పెళ్ళికాక ముందు తీసుకున్నాను." అమ్మ పిన్నికి: "వాన వెలిశాక తెచ్చావు." బాబాయి నాన్నకి: "నీతో మాట్లాడి నాలుగేళ్ళయింది. ఏం మాట్లాడాలో మర్చిపోయాను." అది విని అధికారుల్లో ఆవిడ రాసుకోవడం ఆపేసింది.

నేను పళ్ళెం మీదికి వంగి వింటున్నాను. బోర్డు మీద గళ్ళు నిండుతున్నాయి. పందొమ్మిదేళ్ళుగా ఎన్ని బోర్డులు తుడిచానో, ఇలాంటిది చూడలేదు. నా జీవితంలో వెళ్ళిపోయినవాళ్ళందరూ ఒక పట్టికలో నిలబడి, ఎవరు ఎవరికి ఏం చెప్పలేదో ఒక్కొక్కటీ చెప్పుకుంటున్నట్టుంది.

గుసగుస వంతు వచ్చింది. లేచింది. పెదాలు కదిలాయి, మాట రాలేదు. "తర్వాత చదువుదువుగాని కూర్చోమ్మా" అని మాస్టారు దాటవేశాడు. మిగతావన్నీ అయిపోయాయి. నలభై ఒక్క టిక్కులు. అమ్మమ్మ వరసలో, అక్క కింద, ఒక్క గడి ఖాళీ. మళ్ళీ దాన్ని లేపారు. కాగితం రెండు చేతుల్తో మొహం ముందు ఎత్తి పట్టుకుంది. అధికారుల్లో ఒకాయన గడియారం చూసుకున్నాడు. "చదవలేకపోతే కూర్చోమ్మా, ఫరవాలేదు" అన్నాడు కరస్పాండెంటు గారు, ఆ మెత్తటి గొంతుతో. లెక్కల టీచర్ సుద్దముక్క గడి మీద ఆనించి అలాగే నిలబడింది.

ఆ పిల్ల ఆఖరి బెంచీలో ఉంది. దాని భుజం మీంచి కాగితం నాకు కనపడుతోంది. ఆ గడి తప్ప నాకింకేదీ గుర్తులేదు. నా నోటి నుంచి వచ్చేసింది.

"నీ సంచిలో దువ్వెన పైన పెట్టాను. నన్ను అడుగున పెట్టాను. దువ్వెన రోజూ తియ్యి. నన్ను ఎప్పుడైనా తీస్తే చాలు."

అధికారుల్లో ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. తర్వాత చప్పట్లు మొదలయ్యాయి. పిల్లలు బెంచీలు చరిచారు. సుద్దముక్క మాత్రం గడి మీదే ఆగిపోయి ఉంది. లెక్కల టీచర్ నావైపు చూస్తోంది. ఆ చూపు చూశాక గానీ నేనేం చేశానో నాకు తెలియలేదు.

కరస్పాండెంటు గారు నవ్వుతూనే నావైపు తిరిగాడు. "ఆయమ్మా, నీకు చదువొచ్చా?"

"రాదు సారూ. నిన్న ఈ పాప నాకు చెప్పింది. నోటికొచ్చేసింది."

"అవునా అమ్మా?" అని ఆ పిల్లనడిగాడు.

"అవును సార్" అంది గుసగుస, గదంతా వినపడేలా. ఏడాదంతా అది గట్టిగా ఆడిన మాట అదొక్కటే, అదీ నాకోసం ఆడిన అబద్ధం.

గండం గడిచిందనుకున్నాను. అధికారులు టీ తాగి, పాఠం అద్భుతమని చెప్పి వెళ్ళారు. నేను ఏడో తరగతి గదికి వెళ్ళి బోర్డు తుడిచాను. తుడిచేముందు గళ్ళన్నీ చదివాను, గీతలు గీసి మూసేసిన ఏడు గళ్ళతో సహా.

గ్లాసులు తియ్యడానికి ఆఫీసుగదిలోకి వెళ్ళాను. ఆయన ఏదో రాసుకుంటున్నాడు. తలెత్తకుండానే ఒక కాగితం చాచాడు. "ఇది పద్యాల మాస్టారుకిచ్చి రా."

అందుకున్నాను. రెండడుగులు వేశాను. "ఆగు" అన్నాడు.

ఆగాను. ఆయన నా చేతులవైపు చూస్తున్నాడు. నేనూ చూసుకున్నాను. కాగితం తలకిందులుగా ఇచ్చాడు. నా చేతులు దాన్ని తిన్నగా తిప్పి పట్టుకున్నాయి.

"పందొమ్మిదేళ్ళు" అన్నాడు, కుర్చీలో వెనక్కి వాలి. కోపం లేదు. "పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతోందనుకున్నాను. కళ్ళు తెరిచే తాగిందన్నమాట."

"నేనెప్పుడూ పేపర్లు చూడలేదు సారూ. ఎవరికీ చెప్పలేదు."

"చెప్పావని నేనన్నానా? కంగారుపడకు, పనిలోంచి తియ్యను. ఇన్నేళ్ళు ఈ బీరువాలో చెయ్యిపెట్టిన మనిషి, చదువొచ్చిన మనిషి, బయటికెళ్ళి ఏం మాట్లాడుతుందో ఎవరికి తెలుసు? నువ్వెక్కడికీ వెళ్ళొద్దు. ఇక్కడే ఉండు." తాళాలగుత్తి తీసి చొక్కాజేబులో వేసుకున్నాడు. "రేపు బీరువా నేనే దులుపుకుంటాలే. నీకు వయసైపోయింది, ఎందుకా దుమ్ము."

గదికొచ్చేసరికి లెక్కల టీచర్ మంచం మీద కూర్చుని ఉంది. చెప్పాను. ఏ ఒక్కటీ దాచకుండా చెప్పాను. నన్ను తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది.

"ఎందుకు చదివావు ఆయమ్మా?" అని మాత్రం అడిగింది.

"ఒక్క గడి ఖాళీగా ఉండిపోయింది తల్లీ."

ఆమె నవ్వబోయింది. నవ్వు మధ్యలోనే చెడింది. మోకాళ్ళలో తల పెట్టుకుంది. వీపు మీద చెయ్యి వేద్దామని వెళ్ళి, వెయ్యడానికి మొహం చెల్లక, ఎర్ర పెన్నులు తీసి మళ్ళీ సర్దాను.

శనివారం ఒంటిపూట బడి. పదకొండున్నరకి ఆమె ఆఖరిసారి ఆఫీసుగదిలోకి వెళ్ళింది. నేను వరండా తుడుస్తున్నాను. తుడిచిన చోటే తుడుస్తున్నాను. బీరువా తలుపు తెరిచే ఉంది. ఆయన స్వయంగా గుడ్డ పట్టుకుని ఒక్కో ఫైలు తుడుస్తున్నాడు.

"సర్, సోమవారం ఒక్కరోజుకి ఇవ్వండి. మళ్ళీ తెచ్చి మీ చేతిలో పెడతాను."

"నిన్నటి పాఠం చూశాక నిన్నెలా వదులుతానమ్మా?" అన్నాడు. "ఆ వచ్చినవాళ్ళు నెలకో పాఠం ఇలాంటిది చూస్తామన్నారు. నువ్వు పాఠం కాస్త చెడగొట్టి ఉంటే నేనే టికెట్టు కొనిచ్చి పంపేవాణ్ణి." అది హాస్యమనుకుని తనే నవ్వుకున్నాడు. చేతిలో ఉన్న ఫైలు తుడిచి లోపల పెట్టాడు. ఆ అట్ట మీద పేరు నాకు వరండాలోంచే కనపడింది. అది ఆమెదే.

గదికొచ్చాక ఆమె చాలాసేపు గోడవైపు చూస్తూ కూర్చుంది. మా గదికి కిటికీ లేదు, పైన గాలిరంధ్రం ఒకటుంది. పన్నెండు దాటింది. నాకు ఉండిపోతుందేమోనని ఒకపక్క భయం. ఉండిపోతే బాగుండునని ఇంకోపక్క. ఆ రెండోది పైకి చెప్పేది కాదు.

"ఆయమ్మా, ఇటు చూడు" అంది చివరికి. "ఉండిపోతే ఆ ఉద్యోగం పోతుంది. అవునా?"

"అవును."

"కాగితాల్లేకుండా వెళ్తే, అప్పుడూ పోతుంది. గడువడిగి చూస్తాను, ఇవ్వకపోవచ్చు. అంటే రెండు పక్కలా ఉన్నది ఒకటే. రెండు పక్కలా ఉన్నదాన్ని కొట్టేస్తే ఏం మిగుల్తుంది?"

"నాకేం తెలుసు తల్లీ, నాకు లెక్కలు రావు."

"గేటు మిగుల్తుంది. ఉంటే ఇవతల, వెళ్తే అవతల." లేచి సంచి భుజానికి తగిలించుకుంది. "ఆ ఆఫీసు నుంచి ఒక ఉత్తరం రాయించుకుని నెలలో వస్తాను, కాగితాల కోసం. నువ్వు భయపడకు."

గేటు దాకా వెళ్ళాను. వాచ్‌మన్ పుస్తకం తెరిచాడు.

"ఎక్కడికి టీచర్?"

"బజారుకి."

"ఇంత సంచా?"

"పెద్ద బజారు."

అతను నావైపు చూశాడు, సంచివైపు చూశాడు. ఏమనుకున్నాడో, బయటికెళ్ళిన వేళ రాసి, తల దించుకునే గేటు తీశాడు. ఆమె గడప దాటి వెనక్కి తిరిగింది.

"నాకేం చెప్పవా ఆయమ్మా?"

నలభై రెండు మాటలు విన్నదాన్ని. ఒక్కటీ నోటికి రాలేదు. "దువ్వెన పైనుంది" అన్నాను.

తలూపింది. తువ్వాలు కింద ఫైలుకని వదిలిన చోట సంచి లోపలికి కుంగి, నడుస్తుంటే అటూ ఇటూ కొట్టుకుంటోంది. మందులషాపు మూల తిరిగేదాకా చూశాను.

అయిదు వారాలకి నా పేరున ఉత్తరమొచ్చింది. నా పేరున వచ్చిన మొదటి ఉత్తరం అదే. కరస్పాండెంటు గారు కవరు చించి, చదివి, నాకిచ్చాడు. "చదువుకో. నీకొచ్చుగా" అన్నాడు. గడువివ్వలేదట. ఉద్యోగం తర్వాతి పేరుకి పోయిందట. ఒక గది తీసుకుని, ఇరుగుపొరుగు పిల్లలకి లెక్కలు చెప్తోందట. గదికి కిటికీ ఉందట, వీధి కనపడుతుందట. వేసవిలో వచ్చి కాగితాలూ నన్నూ చూస్తానని రాసింది. చివర, గీతలు గీసి మూసేసిన ఏడు గళ్ళ గురించి ఆ రోజు వాటిని ఎవరూ నింపలేదు గానీ వాటిలో ఏం రాయాలో తనకి ఇప్పుడు తెలిసిందనీ, వచ్చినప్పుడు చెప్తాననీ రాసింది.

ఆ వేసవి వెళ్ళింది. తర్వాతి వేసవీ వెళ్ళింది. నేను జవాబు రాశాను, రెండు రాశాను, అవి పోస్టుకి వెళ్ళేది ఆఫీసుగది మీదుగానే. పద్యాల మాస్టారు పని మానేశాడు. గుసగుస పది దాటి వెళ్ళిపోయింది, ఒక బుధవారం, సాయంత్రం నాలుగింటికి. బీరువాని ఇప్పటికీ మొదటి శనివారాల్లో ఆయనే తలుపు వేసుకుని దులుపుకుంటాడు. నేను గ్లాసులు తీసుకుని వచ్చేస్తాను. సాయంత్రం పది గదుల బోర్డులూ చదివి తుడుస్తాను, ఎవరి దగ్గరా దాచకుండా.

వాచ్‌మన్ పాత పుస్తకాలు గేటుపక్క చెక్కపెట్టెలో ఉంటాయి. ఆ ఏడాది పుస్తకం తీసి చూశాను. ఆమె పేరు ఎదురుగా, తిరిగొచ్చిన వేళ రాసే గడి ఖాళీగా ఉంది.

లెక్కల టీచర్ తిరిగి రాలేదు. వెళ్ళింది ఫిబ్రవరి మొదటి శనివారం, మధ్యాహ్నం పన్నెండూ నలభైకి.